అద్దె కన్నా అడ్వాన్సు బరువు
చెన్నైలో అద్దె ఇళ్ళ గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఆరేళ్ళుగా అంబత్తూరులో ఉంటున్నాము. మావారు పారిశ్రామిక ఎస్టేట్‌లో లేత్ పని చేస్తారు, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కొడుకు పెళ్ళి కుదిరిందని ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నారు. కొత్తగా చూసిన పోర్షన్‌కు అద్దె 9,000. అడ్వాన్సు మాత్రం పది నెలలది, అంటే 90,000 కావాలంటున్నారు. మూడు నెలలకు మించి అడగకూడదని చట్టం ఉందని మా తమ్ముడు చెబుతున్నాడు. అది నిజమేనా? అద్దె కట్టుకోవడానికి ప్రభుత్వం ఏదైనా సాయం చేస్తుందా?
— ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే గానీ, సగం నిజం. తమిళనాడులో ఇంటి యజమానుల, అద్దెదారుల హక్కులు, బాధ్యతల గురించి 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని అందులో ఉన్న మాట వాస్తవమే. అయితే ఇరుపక్షాలూ వేరే విధంగా ఒప్పుకుంటే తప్ప అన్న షరతు కూడా ఆ వాక్యానికే తగిలించి ఉంది. అంటే పది నెలల అడ్వాన్సుకు ఒప్పుకుని మీరు సంతకం చేశాక చట్టం మీ తరఫున మాట్లాడదు. బేరమంతా సంతకానికి ముందే జరగాలి.

ఆ బేరానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద ఈ లెక్క వేసుకోండి. 90,000 రూపాయలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,800 వడ్డీకే పోతుంది కనుక, మీరు 9,000 అనుకుంటున్న అద్దె నిజానికి 10,800. అదే ఓనరుతో "అద్దె 500 పెంచుకోండి, అడ్వాన్సు మూడు నెలలకు తగ్గించండి" అని అడిగి ఒప్పించగలిగితే, 28,500కు వడ్డీ 570 కలుపుకున్నా నెలకు 10,070తో సరిపోతుంది. చేతిలో పెద్ద మొత్తం పడితే బాగుండునని ఓనరుకు ఉంటుంది, నిజమే. కానీ ప్రతి నెలా 500 ఎక్కువ వస్తుందంటే ఆలోచించేవారు కూడా ఉంటారు. నగలు కుదువ పెట్టి తెస్తే వడ్డీ తక్కువ పడుతుంది గానీ, అవి విడిపించుకునే గడువును కూడా గుర్తు పెట్టుకోవాలి.

కాగితం విషయంలో మొహమాటపడకండి. ఒప్పందం 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకం మనవారిలో బలంగా నాటుకుపోయింది. ఏడాదికి మించిన లీజులను సబ్‌రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టిన అలవాటు అది. ఈ 2017 చట్టం కింద మాత్రం గడువు ఎంతైనా సరే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని 90 రోజుల్లోగా రెంట్ అథారిటీ, అంటే ఈ చట్టం కింద అద్దె వ్యవహారాలు చూసే అధికారి వద్ద ఆన్‌లైన్‌లో నమోదు చేయించాలి. రాత ఒప్పందం కుదరకపోవడాన్ని కూడా అద్దెదారును ఖాళీ చేయించడానికి ఒక కారణంగా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. కాగితం లేకుంటే నష్టం ఓనరుకే అని ధీమాగా ఉండేవారు ఈ మాట గమనించాలి.

అడ్వాన్సును చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి. ఇల్లు వదిలిన నెలలోగా బాకీలు మినహాయించుకుని తిరిగి ఇవ్వాలని చట్టంలోనే ఉంది, అయినా ఒప్పందంలో కూడా ఆ వాక్యం రాయించండి. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె కోసుకునే ఆనవాయితీ మీ వీధిలో ఉంటే, అది ఎంతో, ఎన్నేళ్ళు ఉన్నాకో ముందే తేల్చుకోండి. దిగిన రోజే గోడలను, కుళాయిలను, వంటగట్టు బండను ఫోనులో ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపి ఉంచడం మంచిది.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. మామూలు అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి నెలనెలా అద్దె డబ్బు ఇచ్చే పథకాన్ని మీరు వెతికి అలసిపోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి పట్టణ ఆవాస యోజన రెండో దశలో అద్దె ఇళ్ళకంటూ ఒక విభాగం ఉంది. అయితే అది ఇళ్ళు కట్టించడానికి ఇచ్చే సాయమే గానీ, మీ ఓనరుకు మీరిచ్చే అద్దెలో పాలు పంచుకునేది కాదు. ఆదాయపు పన్ను మినహాయింపులు కూడా పన్ను కట్టేవారికే పనికొస్తాయి.

ప్రశ్న: మా కాంపౌండులో ఆరు పోర్షన్లు ఉన్నాయి. రెండు నెలలకొకసారి ఓనరమ్మగారు వచ్చి మీటరు చూసుకుని యూనిట్‌కు 8 రూపాయల చొప్పున తీసుకుంటారు. పోయినసారి 180 యూనిట్లకు 1,440 కట్టాము. తమిళనాడులో వంద యూనిట్లు ఉచితం కదా, మాకెందుకు రావడం లేదు?
— ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: రెండు నెలలకు 100 యూనిట్ల ఉచితం ఇంటి అవసరాలకు ఇచ్చిన ప్రతి కరెంటు సర్వీసుకూ వర్తిస్తుంది, ప్రతి కుటుంబానికీ కాదు. కాబట్టి ముందు మీ మీటరు ఎవరిదో చూడండి. విద్యుత్ శాఖ మీటరైతే దానికి సర్వీసు నంబరు ఉంటుంది, రీడింగు రాసే తెల్ల కార్డు ఉంటుంది. ఈ రెండూ లేవంటే అది ఓనరు పెట్టించుకున్న సబ్‌మీటరే.

మీ పోర్షన్‌కు విడి సర్వీసు ఉంటే ఓనరమ్మగారు యూనిట్‌కు 8 రూపాయలు తీసుకోవడం అన్యాయమే. 100 ఉచితం పోగా మిగిలిన 80 యూనిట్లకు బిల్లు మూడు వందలు కూడా దాటదు. సర్వీసు నంబరుతో బిల్లును మీరే నేరుగా ఆన్‌లైన్‌లో కట్టుకుంటామని చెప్పండి.

అలా కాక ఆరు పోర్షన్లకూ ఒకే సర్వీసు ఉంటే కథ వేరు. అందరూ మీలాగే వాడితే మొత్తం 1,080 యూనిట్లవుతుంది. ఉచితం ఒక్క వందకే వస్తుంది, వాడకం పెరిగే కొద్దీ శ్లాబు పైకి పోతుంది, ఆ పై శ్లాబుల్లో యూనిట్ ధర 8 రూపాయలు కూడా దాటుతుంది. అప్పుడు ఆవిడ అడుగుతున్నది మరీ ఎక్కువేమీ కాకపోవచ్చు. నిజం చెప్పాలంటే, ఈ తగాదాల్లో ప్రతిసారీ తప్పు ఓనరుదేనని నేను అనుకోను. అసలు బిల్లు చూపించమని, బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి ఎవరి వాటా వారు కడదామని ఆరిళ్ళవారూ కలిసి అడగండి. ఒక్కరే వెళ్తే గొడవలా కనిపిస్తుంది. మాట పెరిగి కరెంటునో నీళ్ళనో ఆపేస్తే మాత్రం అది చట్టం నిషేధించిన పని, రెంట్ అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: ఉత్తర చెన్నైలో ప్రభుత్వ బోర్డు కట్టించిన పాత ఇళ్ళలో ఏడేళ్ళుగా అద్దెకు ఉన్నాము. ఇల్లు వేరొకరి పేరున ఉంది, అద్దె వారికే ఇస్తున్నాము. ఇప్పుడు ఇవి కూల్చి కొత్తవి కడతారట, ఇంటికి 24,000 ఇస్తారట. మాకు వస్తుందా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: రావడం కష్టం. ఈ మాట రాయడానికి నాకూ బాధగానే ఉంది. తమిళనాడు పట్టణ నివాస అభివృద్ధి బోర్డు, అంటే 2021 దాకా మురికివాడల నిర్మూలన బోర్డు అని పిలిచినదే, పాత ఇళ్ళను కూల్చి తిరిగి కట్టేటప్పుడు కుటుంబాలు బయట తల దాచుకోవడానికి 'కరుణై తొగై' పేరుతో ఈ సొమ్ము ఇస్తోంది. ఒకప్పుడు అది 8,000. కానీ ఈ సొమ్ము ఇల్లు కేటాయించిన కుటుంబానికే. బోర్డు లెక్కలో మీ ఓనరే నివాసి, మీరు అసలు లేరు. పైగా కేటాయించిన ఇంటిని అద్దెకివ్వడం నిబంధనలకు విరుద్ధం కనుక, మీరు ఉన్నట్టు కాగితం పుట్టించడానికి ఆయన ముందుకు రాకపోవచ్చు.

వచ్చినవారికి కూడా అది ఏపాటి? ఏడాదికి పంచితే నెలకు 2,000, నిర్మాణం ఏడాదిన్నర సాగితే 1,333. మీరు చేయగలిగింది ఒకటుంది. మీరిచ్చిన అడ్వాన్సు ఎంతో ఇప్పుడే రాయించుకోండి. ఇల్లు కూల్చే తేదీ దగ్గరపడ్డాక ఓనరు కూడా కొత్త ఇంటి అడ్వాన్సు కోసం పరుగులు పెడుతుంటారు కనుక, అప్పుడు అడిగితే చేతులెత్తేస్తారు. వీలైతే చివరి నెలల అద్దెను అడ్వాన్సులోంచి మినహాయించుకునేలా మాట కుదుర్చుకోండి.

ప్రశ్న: మా అక్క కూతురికి శ్రీపెరుంబుదూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు అద్దెకివ్వబోమని అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: ముందుగా ఆమె కంపెనీ హెచ్ఆర్ విభాగాన్ని హాస్టల్ గురించి అడగమనండి. ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీల మహిళా కార్మికుల కోసం వల్లం వడగాల్‌లో 18,720 మంది ఉండగల వసతి గృహ సముదాయాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. కంపెనీలో వీలు కాకపోతే రాష్ట్ర ప్రభుత్వం నడిపే 'తోళి' హాస్టళ్ళు ఉన్నాయి. తాంబరం, గూడువాంజేరిలోవి చూడవచ్చు. అయితే షిఫ్టు బస్సు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు హాస్టల్ గేటు తీస్తారో లేదో కూడా వార్డెన్‌ను అప్పుడే అడగమనండి.