చదివించింది కూలి పనికా?

ప్రశ్న: మాది గుంటూరు, గోరంట్ల. మా అబ్బాయి ఈ ఏడాది డిప్లొమా సివిల్ పూర్తిచేశాడు. డిప్లొమావాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. బీటెక్‌లో చేరి, పక్కన ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోరా అంటే వినడం లేదు. ఇళ్ల ముందు, కారు పార్కింగులో రాయి పరిచినట్టు కనిపించేలా అచ్చులు వేసే స్టాంప్డ్ కాంక్రీట్ పని చేస్తానంటున్నాడు. మూడు రోజుల శిక్షణ, అచ్చుల కిట్టు కలిపి రెండు లక్షలట. చదివించింది కూలి పనికా? రెండింటినీ పోల్చి, దేనికి భవిష్యత్తు ఉందో చెప్పండి.

జవాబు: ఈసెట్ ర్యాంకులు వచ్చాక ఇలాంటి ఉత్తరాలు రావడం మామూలే. ఒకసారి ఏసీ మెకానిక్, ఒకసారి డ్రోన్లు, ఇప్పుడు స్టాంప్డ్ కాంక్రీట్. పని పేరు మారుతుంది గానీ "చదివించింది దీనికా" అన్న మాట మారదు. మీరు అడిగింది భవిష్యత్తు గురించే. కానీ మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. రేపు ఏ పెళ్లిలోనో పక్క కుర్చీలో ఆయన "మీవాడు ఏం చేస్తున్నాడండీ" అంటే ఏం చెప్పాలి? ఆ ఇబ్బంది మీది సార్. దాన్ని తీసుకెళ్లి పిల్లాడి నెత్తిన పెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మీ పక్షం. ఆ రెండు లక్షలు కట్టొద్దు.

వీడియోల్లో ఏం చూపిస్తారు? పచ్చి కాంక్రీట్ మీద రబ్బరు లాంటి పాలీయూరిథేన్ అచ్చు పెట్టి, ఎక్కి నిలబడి, ఎత్తగానే కింద రాతి బండ ప్రత్యక్షం. ఆ అచ్చు పెట్టడం నేర్చుకోవడానికి మూడు రోజులు ఎక్కువే. అసలు పని అచ్చుకు ముందూ ఉంది, తరవాతా ఉంది. అది మూడు రోజుల్లో రాదు, కిట్టుతో పాటు పెట్టెలో పెట్టి ఇచ్చేదీ కాదు.

మీ ఊరి మట్టి నుంచే మొదలుపెడదాం. గుంటూరు చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా కాంక్రీట్ పోస్తే పైన ఎంత అందమైన అచ్చు వేసినా ఏడాది తిరక్కుండా బీట వస్తుంది. పై మట్టి తీసేసి, గ్రావెల్ పొరలుగా పోసి, తడిపి, రోలరో కాంపాక్టరో పెట్టి దిమ్మిస చేయాలి. నడిచే దారికి 4 అంగుళాల మందం చాలు, కారు ఎక్కే చోట 5 వేయాలి. ఇనుప జాలీ నేల మీద పడుకోబెట్టి పైన కాంక్రీట్ పోస్తే అది అడుగునే ఉండిపోయి దేనికీ పనికిరాదు. కవర్ బ్లాకులనే చిన్న సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టాలి. బీట వస్తే ఆ గీతలోనే వచ్చేలా ప్రతి 10, 12 అడుగులకు జాయింటు కోయాలి, లోతు మందంలో నాలుగో వంతు. ఎండాకాలంలో ఆ కోత అదే రోజు పడాలి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే స్లాబే తనకు నచ్చిన చోట గీత గీసుకుంటుంది. గోడలు, స్తంభాలు తగిలే చోట ఫోమ్ పట్టీ పెట్టి విడదీయాలి. నీళ్లు గేటు వైపు పోవాలంటే అడుగుకు కనీసం పావు అంగుళం వాటం ఉండాలి.

లెక్క కూడా చూడండి. గేటు నుంచి పోర్టికో దాకా 500 చదరపు అడుగులు అనుకుందాం. 5 అంగుళాల మందానికి సుమారు 5.9 ఘనపు మీటర్లు, అంటే ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీట్ 6 మీటర్ల బండి ఒకటి. కంకర సైజు 20 ఎంఎం అయితే అచ్చు నొక్కినప్పుడు రాయి పైకి తగులుతుంది, 10-12 ఎంఎం చిప్స్ మేలు. పైన చల్లే రంగు పొడి, మనవాళ్లు కలర్ హార్డెనర్ అంటారు, 100 చదరపు అడుగులకు సుమారు 27 కిలోలు. మొత్తానికి 135. మొదటి విడతలో మూడింట రెండు వంతులు చల్లి, అది తడి పీల్చుకుని నల్లబడ్డాక ఫ్లోట్ (చదును చేసే పిడి పలక) పెట్టి రుద్ది, మిగతాది రెండో విడతలో వేయాలి. పైకి తేలిన నీరు ఇంకా నిలిచి ఉండగా చల్లితే ఆ పొర తరవాత పొట్టులా లేచిపోతుంది.

ఇక అచ్చు ఎప్పుడు పెట్టాలి? గడియారం చెప్పదు, బొటనవేలు చెబుతుంది. కాంక్రీట్‌ను వేలితో నొక్కితే పావు అంగుళం గుంట పడాలి, వేలికి ముద్ద అంటుకోకూడదు. గుంట అంతకంటే లోతుగా దిగితే అచ్చు మీద నిలబడ్డ మనిషి కూడా కుంగుతాడు. పడకపోతే ఆలస్యమైపోయినట్టే. గుంట సరిగ్గా పడగానే, అచ్చు అంటుకోకుండా రిలీజ్ పొడి చల్లి (100 చదరపు అడుగులకు కిలోన్నర, రెండు కిలోలు) అచ్చులు వరసగా పేర్చి ట్యాంపర్ అనే దిమ్మిసతో కొట్టాలి.

మే నెల విజయవాడలో ఆ సమయం ఎంత ఉంటుందో ఊహించండి. ఆరు మీటర్ల బండి ఒకేసారి దించేసి, అయిదుగురు మనుషులు ఒక చివర నుంచి మొదలుపెడితే, రెండో చివరకు వెళ్లేసరికి అది రాయి అయిపోయి ఉంటుంది. గేటు దగ్గర గీతలు లోతుగా, పోర్టికో దగ్గర వెలిసిన ముగ్గులా కనిపిస్తే కారణం ఇదే. అప్పుడు మేస్త్రి చేసే పని మగ్గుతో నీళ్లు చల్లి మళ్లీ రుద్దడం. దాంతో పై పొర బలహీనపడి, రంగు వెలిసి, ఊడిస్తే పొడి రాలుతుంది. సగం ఈ రోజు, సగం రేపు పోయాలి. లేదా తెల్లవారుజామునే దించాలి, గట్టిపడటం ఆలస్యం చేసే మందు కలపమని ప్లాంటుకు ముందే చెప్పాలి. టైల్ పాడైతే ఊడదీసి మారుస్తాం. ఇక్కడ పాడైతే పగలగొట్టే బ్రేకర్ మెషినే గతి.

మామూలు స్లాబుకు చేసినట్టు గోనెపట్టాలు కప్పి, మళ్లు కట్టి నీళ్లు నిలిపితే రంగు మచ్చలు పడుతుంది. ఒకటి రెండు రోజులాగి రిలీజ్ పొడి కడిగి, లోపలి తడి త్వరగా ఆరిపోకుండా ఆపే క్యూరింగ్ కాంపౌండ్, తగినది చూసి వేయాలి. చివర్లో రంగును, పై పొరను కాపాడే సీలర్, పల్చగా రెండు పూతలు. లోపల తేమ ఉండగా వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది, మందంగా వేస్తే బుడగలు వస్తాయి. సీలర్ వేసిన నేల వానకు జారుతుంది. అందులో జారకుండా ఉండే సన్నటి గుళికలు కలపకపోతే మొదటి వానకే ఆ ఇంటి పెద్దాయన ఫోను చేస్తారు, ఆయన పడకపోతే. మళ్లీ రెండు మూడేళ్లకోసారి సీలర్ కొత్తగా వేయాలి. ఇది ముందే చెప్పకుండా రేటు మాట్లాడుకున్నవాడికి తరవాత మాటపడక తప్పదు.

ఇప్పుడు చెప్పండి, పైన రాసిన దాంట్లో కూలి ఎక్కడుంది? మట్టి స్వభావం, మందం, వాటం, నీరు-సిమెంటు నిష్పత్తి, ఎస్టిమేట్. ఇదంతా మీవాడు మూడేళ్లు డిప్లొమాలో చదివిందే. చాలామంది మేస్త్రీలకు చెయ్యి తిరుగుతుంది, కారణం తెలియదు. చాలామంది ఇంజనీర్లకు కారణం తెలుసు, ఫ్లోట్ పట్టుకోవడం రాదు. రెండూ ఉన్న కుర్రాణ్ని మీరు కూలి అంటున్నారు. మీ ఇంటి స్లాబు పోసిన రోజు మేస్త్రిని "గారు" అని పిలిచే ఉంటారుగా.

అలాగని నేను ఈ పనికి హారతి పట్టడం లేదు. స్టాంప్డ్ కాంక్రీట్ ఒక్కదాని మీదే బతకాలనుకుంటే నాకు చాలా అనుమానాలున్నాయి. మన దగ్గర ఇంటివాళ్లు పార్కింగ్ టైల్స్, పేవర్ బ్లాకులు, కడప బండ అడగడానికి గట్టి కారణమే ఉంది. రేపు కింద పైపు పగిలితే నాలుగు బ్లాకులు తీసి, బాగుచేసి, మళ్లీ పెట్టుకుంటారు. అచ్చు కాంక్రీట్ తవ్వితే ఆ అతుకు రంగు పాతదానితో కలవదు. పైగా ఇది విల్లాలు, ఫాంహౌస్‌లు, రిసార్టుల పని, ఏడాది పొడుగునా చేతినిండా దొరుకుతుందన్న నమ్మకం లేదు. మామూలు కాంక్రీట్ ఫ్లోరింగ్, పేవర్లు, వాటర్‌ప్రూఫింగ్ చేసేవాడి చేతిలో ఇది అదనపు విద్యగా ఉంటే బాగుంటుంది. ముందు సాదా నేల మట్టంగా పోయడం రానివాడికి అచ్చులెందుకు?

పోల్చమన్నారు కదా. ప్రభుత్వ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఉద్యోగానికి పరీక్ష రాయాలంటే డిగ్రీ కావాలి, అది వాడి మనసులో ఉంటే బీటెక్ చేరాల్సిందే. రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీర్), కేంద్ర ఉద్యోగాల ఎస్సెస్సీ జేఈ సివిల్ పరీక్షలకు ఇప్పుడున్న డిప్లొమానే చాలు. సివిల్ సీట్లో కూర్చుని పక్కన సాఫ్ట్‌వేర్ కోర్సు అన్న మీ ఆలోచన మాత్రం నాకు మింగుడుపడటం లేదు. మూడేళ్ల తరవాత సైటుకూ కొత్తవాడే, కోడింగుకూ కొత్తవాడే. ఇష్టంగా కోడ్ రాసేవాడైతే మీరు చెప్పేదాకా ఆగేవాడు కాదు.

ఈ ర్యాంకు పోతే జీవితం పోతుందని బెంగపడకండి, వచ్చే ఏడాది మళ్లీ ఈసెట్ రాయొచ్చు. ఈలోగా వాణ్ని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో టెక్నీషియన్ అప్రెంటిస్‌గా నమోదు చేయించండి, ఏడాది పాటు స్టైపెండ్‌తో ఉంటుంది. రెడీమిక్స్ ప్లాంటు క్వాలిటీ ల్యాబ్‌లో దొరికితే అంతకంటే మంచిది లేదు. సెలవు రోజుల్లో ఫ్లోరింగ్ ముఠాతో వెళ్లమనండి, ఆరు నెలలు ఫ్లోట్ మాత్రమే పట్టుకున్నా నష్టం లేదు. కిట్టు తొందర వద్దు. మొదటి పనికి ఒకే డిజైన్‌లో ఆరు గట్టి అచ్చులు, గోడవారకు వంగే మెత్తటివి ఒకటి రెండు చాలు. అప్పటికి సొంతంగా పని మొదలుపెడితే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా రుణం అడగొచ్చు. చేతివృత్తులవాళ్ల కోసం 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ పని కూడా ఉంది, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష. కాకపోతే అది ఇప్పటికే సొంతంగా చేతిపని చేస్తున్నవాళ్లకే, ఇంటికి ఒక్కరికే.

ఈ లోపు మీ పెరట్లో 4 అడుగులకు 4 అడుగుల పలక ఒకటి పోయించండి. బస్తా పైచిలుకు సిమెంటు, నాలుగున్నర కిలోల రంగు, ఒక అద్దె అచ్చు. అలాంటివి మూడు వేయాలి: ఒకటి పొద్దున ఏడింటికి, ఒకటి మిట్టమధ్యాహ్నం, ఒకటి సాయంత్రం. ప్రతిసారీ ఎన్ని నిమిషాలకు వేలు సరిగ్గా దిగిందో నోటు పుస్తకంలో రాయమనండి. మీరూ కుర్చీ వేసుకుని పక్కన కూర్చోండి. మధ్యాహ్నం పలక చేయి దాటిపోతుంటే మగ్గుతో నీళ్లు అందించొద్దు.