గస్తీ పెంచినా దొంగతనాలు తగ్గలేదు, రాయవచ్చా?

ప్రశ్న: నిరుడు మా స్టేషన్ పరిధిలో రెండు బీట్లలో రాత్రి గస్తీ రెట్టింపు చేశాం. దొంగతనాలు తగ్గలేదు. దీని మీద పరిశోధన వ్యాసం రాస్తే ఎవరైనా వేసుకుంటారా? పోలీసు పని మీద అసలు అలాంటి పత్రికలు ఉన్నాయా?
– ఒక ఎస్సై, ఖమ్మం జిల్లా

జవాబు: నిక్షేపంగా రాయండి. ఈ రంగానికి పేరు తెచ్చిన అధ్యయనం ఫలితమూ అదే. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీ పోలీసులు 1972 అక్టోబరు నుంచి ఏడాది పాటు 15 బీట్లను మూడు భాగాలు చేసి చూశారు. అయిదింటిలో ఫోను వస్తేనే బండి కదిలింది. అయిదింటిలో గస్తీని రెండు మూడు రెట్లు చేశారు. మిగిలినవాటిలో మామూలే. నేరాల్లో గానీ, జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పరిశోధకుడు జార్జ్ కెల్లింగ్ బృందం తయారుచేసిన నివేదికను పోలీస్ ఫౌండేషన్ అనే అమెరికా పరిశోధన సంస్థ 1974లో ఉన్నదున్నట్టు అచ్చువేసింది. కొత్త బండ్లకు నిధులు అడిగే అధికారులకు అది ఎంత చేదుగా ఉండి ఉంటుందో మీకు నేను చెప్పాలా!

అంతకుముందు పోలీసుల మీద పరిశోధన చేసినవారు ఎక్కువగా సమాజశాస్త్ర పత్రికలనే ఆశ్రయించేవారు. ‘పోలీసింగ్ అండ్ సొసైటీ’ అనే ప్రత్యేక పత్రిక 1990లో మొదలైంది. మన ‘ఇండియన్ పోలీస్ జర్నల్’ మాత్రం 1954 నుంచీ ఉంది. మీరు ముందు తలుపు తట్టవలసింది అక్కడే.

అయితే ఒక చిక్కు. గస్తీ పెంచని బీట్ల లెక్క మీ ఉత్తరంలో లేదు. అది లేనిదే, పెంచకపోతే దొంగతనాలు ఇంకా ఎక్కువయ్యేవేమో అని, పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకుడు మొదటి పేజీలోనే పట్టుకుంటాడు. పక్క బీట్ల ఎఫ్ఐఆర్లు అవే నెలలవి తీయండి. అప్పుడు కూడా మీ మండలం దాటి తీర్పు చెప్పకండి. గృహహింస కేసుల్లో అరెస్టు చేస్తే మళ్లీ కొట్టడం తగ్గుతుందని అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో చేసిన ప్రయోగం ఆధారంగా 1984లో ఒక వ్యాసం వచ్చింది. అది ఊతంగా అక్కడి పలు రాష్ట్రాలు అరెస్టును తప్పనిసరి చేశాయి. తర్వాత వేరే నగరాల్లో చేసి చూస్తే ఫలితాలు ఒకలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం లేనివారి విషయంలో అరెస్టు తర్వాత హింస పెరిగింది కూడా.

డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి వెళ్లకండి. సమీక్షకు నెలలు పట్టినా ఓపిక పట్టండి. స్టేషన్ రికార్డు వాడుతున్నారు కాబట్టి పై అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఫిర్యాదుదారుల పేర్లు, ఇంటి నంబర్లు వ్యాసంలో ఎక్కడా రానివ్వకండి.