కిట్టు కొనేముందు ఒక మాట, శిరీషా

చి. ల. సౌ. శిరీషకు మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అక్కడ అమెరికాలో థాంక్స్‌గివింగ్ సేల్‌లో, గొట్టంలో ఉమ్మి పంపితే జన్యువుల సంగతి చెప్పే డీఎన్ఏ కిట్లు నాలుగు కొంటున్నావట. నీకొకటి, అల్లుడికొకటి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తేవడానికి అమ్మకూ నాయనకూ చెరొకటి. పిల్లల కోసం అనుకుంటున్నాం కదా, ఒంట్లో ఏముందో ముందే తెలుసుకుందామని అన్నావట. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. మన ఇళ్ళలో కడుపు పండాక మొక్కులు మొక్కినవాళ్ళే తప్ప, అంతకుముందే రక్తం సంగతి ఆలోచించినవాళ్ళు లేరు. ఆ వెంటనే భయమూ వేసింది. ఆ కిట్టు చేతికొస్తే అంతా చూసేసుకున్నామని మీరిద్దరూ ధీమాగా ఉండిపోతారేమోనని. ఫోన్‌లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, చివరిదాకా చదువు.

డబ్బు సంగతి ముందు. ఆ కిట్లమ్మే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ వాళ్ళు 2007లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు కిట్టు ధర 999 డాలర్లు. 2012 చివరికి 99కి దించేశారు. అంగడి ఇంట పుట్టినదానివి, సరుకు ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని నీకు అనుమానం రావద్దా? 2018లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ అనే మందుల కంపెనీ అందులో 30 కోట్ల డాలర్లు పెట్టింది. ఉమ్మిచ్చిన లక్షల మంది సమాచారంలో కొత్త మందులకు దారి దొరుకుతుందని పెట్టింది. నువ్వు కట్టే డబ్బు ధరలో సగమే. మిగతా సగం నువ్వు గొట్టంలో పోసి పంపేదే.

వాళ్ళు చదివేది ఎంతో కూడా తెలుసుకో. మన డీఎన్ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఈ కిట్ల వాళ్ళు చిప్పు మీద చూసేది ఆరేడు లక్షల చోట్లు. అంటే సుమారు నాలుగున్నర వేల అక్షరాలకు ఒక్కటి. ఆ చోట్లు కూడా ఎక్కువగా తెల్లవాళ్ళలో జరిగిన పరిశోధనలను బట్టి ఎంచుకున్నవి. రొమ్ము క్యాన్సర్ జన్యువుల సంగతే చూడు. 2018లో అమెరికాలో మందులకూ పరీక్షలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ కంపెనీకి అనుమతిచ్చింది మూడే మూడు మార్పులకు, అవీ అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. తరవాత ఇంకొన్ని కలిపారు గానీ, ఆ జన్యువుల్లో మార్పులు వేలున్నాయి. మీ అమ్మమ్మ వైపు ఇద్దరికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, నీకు తెలుసు. కిట్టులో "కనబడలేదు" అని వస్తే గుండె మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. డాక్టరు చేత జన్యువు మొత్తం చదివే పరీక్ష రాయించుకో.

దీనికి తిరగేసినది ఇంకోటుంది. రిపోర్టు కాక ముడి డేటా అని ఒక ఫైలు ఇస్తారు. దాన్ని వేరే వెబ్‌సైట్లలో పెట్టి లేని జబ్బులు తెచ్చుకునేవాళ్ళున్నారు. అలాంటి ఫైళ్ళలో కనబడిన మార్పుల్ని ఒక క్లినికల్ ల్యాబు మళ్ళీ పరీక్షిస్తే నూటికి 40 అసలు లేనే లేవని 2018లో తేలింది. నువ్వు డేటా ఉద్యోగం చేసేదానివి, ఆ ఫైలు నీ చేతికొస్తే ఊరుకోవని తెలుసు. అందుకే ముందే చెబుతున్నా.

మన పూర్వీకులెవరో తెలుస్తుందని అల్లుడికి సరదాగా ఉందట. పటం మీద దక్షిణ భారతమంతా రంగు పూసి చూపిస్తారు, ఒక ఏడాది చూపినది మరుసటి ఏడాది మారుతుంది కూడా. మనం నూట రెండు గోత్రాల వాళ్ళం, పెనుగొండ పేరు చెప్పుకునేవాళ్ళం. ఆ పటం చెప్పేదానికన్నా మీ తాతకు ఎక్కువ తెలుసు. మన గురించి అసలైన మాట హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్ళు చెప్పారు. లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో చేసిన పనిలో ఆంధ్ర వైశ్యులు ఉన్నారు. కొద్దిమంది నుంచి పెరిగిన గుంపు మనది, రెండు మూడు వేల ఏళ్ళుగా పక్కవాళ్ళ రక్తం దాదాపు కలవలేదని తేల్చారు. లక్షల్లో ఉన్నాం కదా, ఏ సంబంధమైనా దూరపుదే అనుకుంటాం. జన్యువుల లెక్కలో అందరం దాయాదులమే. ఒకరి దగ్గర మొదలైన లోపం గుంపంతా పాకి ఉంటుంది.

శిరీషా, ఇక్కణ్ణించి నిదానంగా చదువు. ఇది నీకెవరూ చెప్పి ఉండరు.

1993. నువ్వు ఏడాది పిల్లవి. మీ నాయనకు కడుపునొప్పి వస్తే అపెండిసైటిస్ అన్నారు, ఒక నర్సింగ్ హోంలో చేర్చాం. మత్తు డాక్టరు చాలా జాగ్రత్త గల మనిషి. ఆపరేషన్‌కు ముందు మంచం దగ్గరికొచ్చి అడిగాడు, "మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఇబ్బంది అయిందా అమ్మా?" అని. మీ అవ్వ "ఎవరికీ లేదు నాయనా" అంది. నేను పక్కనే ఉన్నా. నాకూ తెలియదు.

ఆపరేషన్ అరగంటలో అయిపోయింది. మీ నాయనకు ఊపిరి మాత్రం రాలేదు. స్కోలిన్ అని, గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే మందు. మామూలుగా ఐదారు నిమిషాల్లో దిగిపోతుంది, రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి. ఆ రాత్రి గంటలు గడిచినా దిగలేదు. ఊపిరి ఆడించే ఆంబూ బ్యాగు ఒకరి తరవాత ఒకరు నొక్కుతూ కూర్చున్నారు. మీ అమ్మ నిన్ను ఒళ్ళో వేసుకుని వరండాలో కూర్చుంది.

ఆ డాక్టరు రక్తం తీసి, సీసా నా చేతికే ఇచ్చాడు, నేను పనిచేసే ల్యాబులో ఆ పరీక్ష ఉంది కాబట్టి. పత్తి పొలాల కాలమది. పురుగుమందు తాగినవాళ్ళు వరసగా వస్తుండేవాళ్ళు, వాళ్ళందరికీ ఇదే పరీక్ష. ఎంజైము ఉంటే పరీక్షనాళికలో పసుపు రంగు ఎక్కుతుంది. నాకు చేతివాటమైన పని. మీ నాయన నాళికలో రంగు ఎక్కలేదు. రసాయనం పాడైందేమోనని నా రక్తమే తీసి పక్కన పెట్టి చేశా. నాది పసుపుపచ్చగా తేలింది. తమ్ముడిది నీళ్ళలా ఉండిపోయింది.

ఫోన్ చేసి చెబితే ఆ డాక్టరు అడగాల్సిందే అడిగాడు, "పురుగుమందు ఏమైనా తాగాడా అమ్మా?" అని. ఆ మందు తాగినా ఈ ఎంజైము ఇలాగే పడిపోతుంది, ఆయన తప్పేం లేదు. ఆ ప్రశ్న మీ అవ్వ చెవిన పడింది. కొడుకు మీద ఆ మాట పడేసరికి ఆమె తట్టుకోలేకపోయింది. అప్పుడు ఏడుస్తూ బయటపెట్టింది. 1979లో పెద్దక్క మొదటి కాన్పుకు కడుపు కోసినప్పుడు ఇదే అయిందట. తెల్లవార్లూ ఊపిరి ఆడించారట. అప్పటికి ఇంకా ఇద్దరం ఆడపిల్లలం పెళ్ళి కావాల్సినవాళ్ళం. "ఆ ఇంటి పిల్లలకు మత్తిస్తే లేవరంట" అని ఒక్క మాట పొక్కితే మమ్మల్ని ఎవరు చేసుకుంటారని మీ తాతా అవ్వా నోరు కుట్టేసుకున్నారు. పెద్దక్క చేత ఒట్టు వేయించుకున్నారు. పెద్దక్క అత్తింటి వాళ్ళకు రక్తం తక్కువైందని చెప్పారు.

ఆ మాట ముందు రోజు చెప్పి ఉంటే ఆ డాక్టరు స్కోలిన్ బదులు ఇంకో మందు వాడేవాడు. అంతే. ఒక్క పైసా ఖర్చు లేదు. మీ నాయన తెల్లారుజామున సొంతంగా ఊపిరి తీశాడు, దేవుడి దయ, ఆ డాక్టరు ఓపిక. చాలా ఏళ్ళ తరవాత ఒకసారి నాతో అన్నాడు, మధ్యలో తెలివి వచ్చిందని, అందరి మాటలూ వినబడుతున్నా వేలు కదపలేకపోయానని. ఆ తరవాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నీకు చెప్పలేదని ఆయన మీద కోపం తెచ్చుకోకు. ఆ రాత్రి ఆయనకు మాటల్లోకి రాదు.

ఇది మన ఇంటి శాపం కాదమ్మా. మనవాళ్ళలో ఈ లోపం మిగతావాళ్ళకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువని పరిశోధకులు రాశారు. మనలో ఉన్న ఆ మార్పును 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్తించారు. ఆ ఎంజైమును తయారుచేసే బీసీహెచ్ఈ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే. రోజువారీ బతుకులో దీనివల్ల ఏ బాధా ఉండదు. స్కోలిన్, అదే ఎంజైముతో విరిగే మివాక్యూరియం అనే ఇంకో మత్తు మందు, ముఖ్యంగా ఆ రెండింటి దగ్గర జాగ్రత్త.

లెక్క నువ్వే వేసుకో. మీ నాయనకు రెండు కాపీలూ లోపమే, కాబట్టి నీకు ఒకటి ఖాయంగా వచ్చింది. మీ అమ్మా మనవాళ్ళ పిల్లే. ఆమెలో ఒకటి ఉంటే నీకు రెండూ ఉండే అవకాశం సగానికి సగం. కాన్పులో అర్ధరాత్రి ఉన్నట్టుండి బిడ్డను తీయాల్సి వచ్చి పూర్తి మత్తిస్తే, మొదట చేతిలోకి తీసుకునేది ఎక్కువగా ఈ మందే. నా కళ్ళ ముందు అదే ఆడుతోంది.

కాబట్టి కిట్టుకు ముందు ఇది చెయ్యి. మీ డాక్టరు చేత సూడోకోలినెస్టరేజ్ పరీక్ష రాయించు, గర్భం రాకముందే. గర్భంలో ఆ ఎంజైము మామూలుగానే పావు వంతు తగ్గుతుంది, లెక్క తికమకవుతుంది. ఆ ఎంజైము ఎలాంటిదో చెప్పే డైబుకైన్ నంబరు కూడా చూస్తారు. అల్లుడూ చేయించుకోవాలి. ఫలితం ఏదైనా సరే, మీ నాయన సంగతి నీ ఆసుపత్రి రికార్డులో ఎలర్జీలు రాసే చోట రాయించు. డీఎన్ఏ కిట్టులో ఇది రాలేదంటే లేదని కాదు. మనవాళ్ళ మార్పు వాళ్ళ చిప్పులో ఉందో లేదో కంపెనీని ముందే అడుగు. అలాగే ఇద్దరూ తలసీమియా, సికిల్ సెల్ కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. భార్యాభర్తలిద్దరిలో ఉంటేనే బిడ్డకు ప్రమాదం, నాలుగింట ఒక వంతు. మనకు జబ్బు లేకున్నా బిడ్డకు అందే లోపం ఏదైనా ఉందేమో చూసే క్యారియర్ స్క్రీనింగ్ అక్కడ డాక్టరే రాస్తారు. ఇన్సూరెన్సు ఎంత భరిస్తుందో కనుక్కో. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర ఒక గంట కూర్చో.

ఇంత చెప్పాక కూడా కిట్టు కొంటానంటే కొనుక్కో, నేను వద్దనను. ఉమ్మేముందు అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టు. 2023లో దొంగలు పద్నాలుగు వేల ఖాతాల్లోకి పాత పాస్‌వర్డులతో దూరి, బంధువుల్ని చూపించే సదుపాయం గుండా 69 లక్షల మంది వివరాలు లాగేశారు. పరిశోధనకు ఒప్పుకుంటున్నా అనే గడి దగ్గర ఆగి చదువు. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా కోర్టుకెక్కింది. చివరికి దాన్ని పెట్టినవాళ్ళలో ఒకరైన ఆన్ వొజిస్కీ లాభాపేక్ష లేని సంస్థ తరఫున 30.5 కోట్ల డాలర్లకు మళ్ళీ కొనుక్కుంది. ఆ నడుమ నెలల తరబడి ఉమ్మిచ్చిన వాళ్ళందరి సమాచారం వేలం సరుకే. జీవిత బీమా తీసుకోవాలనుంటే ముందు అది తీసుకోండి. జన్యువుల్ని బట్టి వివక్ష చూపకూడదనే మీ దేశపు 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమాకూ ఉద్యోగానికీ అడ్డం నిలుస్తుంది గానీ జీవిత బీమా దాని కిందికి రాదు.

మీ అమ్మానాయనల కిట్లు మాత్రం ఇప్పుడే కొనకు. ఇది మందలింపే అనుకో. నువ్వు గొట్టం చేతికిస్తే వాళ్ళు కాదనలేరు, కూతురు అడిగిందని ఉమ్మేస్తారు. దాన్ని ఒప్పుకోవడం అంటారా? మీ నాయన రక్తమంటే నా రక్తమూ, పెద్దక్క రక్తమూ. బంధువుల జాబితా తెరిచి పెడితే ఇంకో చిక్కుంది. మన చుట్టాల్లో పెంపకానికి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. అది వాళ్ళకు కన్నవాళ్ళో పెంచినవాళ్ళో చెప్పాలి గానీ కంప్యూటరు చెప్పకూడదు. ఆ జాబితా మూసే ఉంచు.

మీ నాయనతో నేను మాట్లాడాను. నువ్వు అడిగితే చెబుతానన్నాడు, మెల్లగా అడుగు. ఆ నర్సింగ్ హోం కాగితం బీరువాలోనే ఉందట, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నా. దాన్ని మీ డాక్టరుకు చూపించు. పెద్దక్కకూ ఫోన్ చేశా. ఒట్టు వేయించుకున్నవాళ్ళు ఇద్దరూ పోయారు, ఇంక ఎవరి కోసం దాచాలి, పిల్లకు నేనే చెబుతా అంది. మాకు ఆదివారం ఉదయం, మీకు శనివారం రాత్రి, వీడియో కాల్ పెట్టు. అల్లుణ్ణీ పక్కన కూర్చోబెట్టుకో, కాగితం కలం దగ్గరుంచుకో. తేదీలూ మందుల పేర్లూ నేను అందిస్తా.

వేళకు తిను. అల్లుడికి నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మేనత్త