సూర్యుణ్ణి కనిపెట్టి చూసే ఆదిత్య-ఎల్1 లాంటి ఉపగ్రహాలతో బెజవాడ, గుంటూరు జనానికి ఒరిగేదేమిటి?

ఒరిగేది ఉందండీ, నేను పనిలోనే చూస్తున్నాను. గుంటూరు చుట్టుపక్కల పొలాలు, వెంచర్లు కొలిచే సర్వేయర్ని. గొలుసు పోయి రోవర్ (జీపీఎస్‌తో హద్దు కొలిచే పరికరం) వచ్చాక హద్దు రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో తేలుతోంది. కానీ అంతా ఉపగ్రహ సిగ్నల్ మీదే ఆధారం. ఎండలకు జడిసి పని సాయంత్రానికి పెట్టుకుంటాం కదా, మార్చి, అక్టోబరుల్లో కొన్నాళ్ళు పొద్దుగూకాక ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) రాదు, రోవర్ ఫ్లోట్‌లోనే (ఉజ్జాయింపు లెక్కలోనే) కొట్టుకుంటుంది. మబ్బు కూడా ఉండదు. "మిషను పాడైందా?" అంటాడు రైతు. మిషనుకేమీ కాదు. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరున్న మన నెత్తిన, అయనోస్ఫియర్‌లో (ఎంతో ఎత్తున విద్యుదావేశం ఉన్న గాలి పొరలో), చీకటి పడ్డాక బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడి సిగ్నల్‌ని చెదరగొడతాయి. సూర్యుడు చురుగ్గా ఉన్న 2024 లాంటి ఏళ్ళలో ఈ బెడద మరీ ఎక్కువ.

సౌర తుఫాను (సూర్యుడి నుంచి ఎగసివచ్చే ఆవేశ కణాలు, అయస్కాంత క్షేత్రం) వస్తే అయనోస్ఫియర్ ఇంకా అల్లకల్లోలం. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది 2003 తర్వాత అతి పెద్దది. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. అమెరికాలో ట్రాక్టర్ల జీపీఎస్ గాడి తప్పి కొందరు రైతులు విత్తడమే ఆపుకున్నారు. 1989 మార్చిలో క్యూబెక్‌లో 60 లక్షల మందికి 9 గంటలు కరెంటు పోయింది. అలా గ్రిడ్ కూలే ముప్పు ధ్రువాల వైపు దేశాలకే ఎక్కువ. మనకు ముందు దెబ్బ తగిలేది జీపీఎస్‌కేనని నా గట్టి అభిప్రాయం.

పులిచింతలలో వరద చూసి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తడానికి సిద్ధమవుతారు కదా, సౌర తుఫానుకు ఎల్1 అలాంటి చోటు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరం. అమెరికా వాళ్ళ ఉపగ్రహాలు ఏస్, డిస్కవర్ అక్కడే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటలో బయల్దేరిన ఆదిత్య 2024 జనవరి 6న చేరింది. తుఫాను మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే భూమికి గట్టి దెబ్బ. ఆ దిశ అది ఎల్1ని తాకాక గానీ కచ్చితంగా తెలియదు. సెకనుకు 800 కిలోమీటర్లతో వస్తుంటే మనకు మిగిలేది అరగంటే. గ్రిడ్ నడిపేవాళ్ళకు, విమానాల వాళ్ళకు ఆ అరగంట చాలా విలువైనది.

పిడుగుల హెచ్చరికలు ఫోనుకు వస్తున్నాయిగా. రోవర్ పట్టుకున్నవాళ్ళకు, మిర్చికి డ్రోనుతో మందు కొట్టేవాళ్ళకు "ఈ సాయంత్రం జీపీఎస్ నమ్మొద్దు" అని తెలుగులో ఒక మెసేజ్ రావాలి. అదే నేను అడిగేది.