హోమ్ థియేటర్ కంప్యూటర్ నుంచి టీవీకి హెచ్‌డీ బొమ్మ: కేబుల్ మార్చే ముందు ఈ సెట్టింగులు చూడండి

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. డెస్క్‌టాప్ అంచులు తెర బయటికి పోతున్నాయి, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, సినిమాలో కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులతో కదులుతోంది. 4కే టీవీ కాబట్టి ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే ఇవన్నీ పోతాయా అని అడిగారు. పోవు. సరిగ్గా ఇవే ఇబ్బందులతో నేను రెండు కేబుళ్లు మార్చాను. రెండుసార్లూ బొమ్మలో రవ్వంత తేడా రాలేదు.

హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ బాగోకపోతే బొమ్మ మసకబారదు, రంగులు వెలిసిపోవు. తెర మీద తెల్లటి చుక్కలు మిలమిలలాడతాయి, లేదంటే క్షణంపాటు తెర నల్లబడి మళ్లీ వస్తుంది, లేదంటే ‘సిగ్నల్ లేదు’ అనే మాట కనిపిస్తుంది. మీరు ఇవేవీ చెప్పలేదు కాబట్టి ఉన్న కేబుల్‌ని అలాగే ఉంచండి.

అంచులు పోవడం, అక్షరాలు అలుక్కుపోవడం చాలావరకు ఒకే కారణం వల్ల వస్తాయి: ఓవర్‌స్కాన్. పిక్చర్ ట్యూబు టీవీల్లో బొమ్మ అంచులు తిన్నగా ఉండేవి కావు. అందుకని బొమ్మను కొంచెం పెద్దది చేసి, అంచులు చట్రం వెనక్కి పోయేలా చేసేవారు. ట్యూబులు పోయినా ఆ పద్ధతి చాలా ఫ్లాట్ టీవీల్లో మిగిలిపోయింది. కంప్యూటర్ చుక్కకి చుక్క సరిపోయేలా బొమ్మ పంపినా టీవీ దాన్ని కొద్దిగా సాగదీస్తుంది. దాంతో అంచులు తెగిపోతాయి, ఒక్కో చుక్కా పక్క చుక్కలోకి పాకి అక్షరం పదును పోతుంది. సినిమా చూస్తున్నప్పుడు ఇది అంతగా తెలియదు, అక్షరాలు చదివేటప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

దీన్ని సరిచేయాల్సింది టీవీలోనే. బొమ్మ సైజు మెనూలో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’, ‘ఫుల్ పిక్సెల్’ లాంటి పేరుతో ఉంటుంది, ఒక్కో టీవీలో ఒక్కో పేరు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో డెస్క్‌టాప్‌ని కుదించే స్లైడర్ కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం వెళ్లకండి. నేను కొన్ని నెలలు దానితోనే నెట్టుకొచ్చాను. అంచులైతే తెరలోకి వచ్చాయి కానీ, కంప్యూటర్ ఒకసారి కుదించి టీవీ మరోసారి సాగదీయడంతో అక్షరాలు ఇంకా పాడయ్యాయి. టీవీలో ఆ ఒక్క సెట్టింగు మార్చి స్లైడర్‌ని సున్నాకి తెచ్చిన రోజున, అదే టీవీ కొత్తగా కొన్నట్టు కనిపించింది.

ఆ తర్వాత కూడా రంగు అక్షరాల అంచులు, ముఖ్యంగా నీలం మీద ఎరుపు లాంటివి, చెదిరినట్టుంటే కంప్యూటర్ తగిలించిన ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’ అని మార్చి చూడండి. చాలా టీవీలు మామూలు ఇన్‌పుట్‌లో రంగుల వివరాన్ని సగానికి తగ్గించి చూపిస్తాయి. పీసీ అని పెడితే ఆ పని మానేస్తాయి. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించవద్దు, 4కే అంటే 3840 x 2160, దాని దగ్గరే ఉంచి విండోస్‌లో స్కేలింగ్‌ని 200 లేదా 300 శాతానికి పెంచుకోండి.

ఇక కుదుపులు. నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టినవి ఇవే. సినిమాల్లో ఎక్కువ భాగం సెకనుకి 24 ఫ్రేములు, డిస్కుల్లోనూ ఫైళ్లలోనూ కచ్చితంగా చెప్పాలంటే 23.976. కంప్యూటర్ టీవీకి 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 60 బొమ్మల చొప్పున పంపుతుంటే 24 ఫ్రేములు 60లో సమానంగా ఇమడవు. అందుకని ఒక ఫ్రేము 2 సార్లు, తర్వాతది 3 సార్లు చొప్పున కనిపిస్తుంది. కెమెరా నిదానంగా పక్కకి తిరిగే షాట్లలో ఆ హెచ్చుతగ్గులే మీకు కుదుపుల్లా కనిపిస్తున్నాయి. టీవీలోని మోషన్ స్మూతింగ్‌తో దీన్ని కప్పెట్టడం నాకు నచ్చదు. లేని ఫ్రేముల్ని టీవీ ఊహించి మధ్యలో దూర్చడంతో మనుషుల కదలికలే మారిపోతాయి.

సినిమా మొదలవగానే రిఫ్రెష్ రేటు, అంటే ఆ హెర్ట్జ్ అంకె కూడా దానికి తగ్గట్టు మారాలి. సినిమాలు చూడటానికి కోడి (Kodi) అనే ప్లేయర్ ప్రోగ్రామ్ వాడుతుంటే ప్లేయర్ సెట్టింగుల్లో డిస్‌ప్లే రిఫ్రెష్ రేటు సర్దుబాటు అనే అంశం ఉంది, దాన్ని ‘స్టార్ట్, స్టాప్’కి పెట్టండి. మొదట్లో తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, అది మామూలే. 25 ఫ్రేముల వీడియోలైతే 50 హెర్ట్జ్‌కి మారుతుంది. బ్రౌజర్‌లో చూసేవాటికి ఇది పనిచేయదు, రేటుని చేత్తో మార్చుకోవాలి.

చేత్తో మార్చేటప్పుడు ఒక చిక్కుంది. విండోస్‌లో 23, 24 అని రెండూ కనిపించవచ్చు. నేను 24 ఎంచుకున్నాను, కుదుపులు పోయాయి. కానీ ఉండుండి ఒక్కసారి బొమ్మ తట్టుకున్నట్టయ్యేది. గడియారం పెట్టి చూస్తే దాదాపు ప్రతి 42 సెకన్లకీ ఒకసారి. లెక్క సరిగ్గా సరిపోయింది: 24కీ 23.976కీ తేడా సెకనుకి 0.024 ఫ్రేము, అది కూడి ఒక పూర్తి ఫ్రేము కావడానికి సుమారు 42 సెకన్లు పడుతుంది. 23 అని కనిపించేదే 23.976. దానికి మార్చాక ఆ తట్టుకోవడం ఆగిపోయింది.

మౌస్ కదిలిస్తే వెనకబడినట్టుంటే మీ 4కే సిగ్నల్ 30 హెర్ట్జ్‌లోనే పోతోందేమో చూడండి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4కి 4కేలో అంతే చేతనవుతుంది. 60 కావాలంటే 2013 నాటి 2.0 ఉండాలి, కంప్యూటర్‌లోనూ టీవీలోనూ. టీవీలో ఆ పోర్టుకి ‘ఎన్‌హాన్స్‌డ్’, ‘డీప్ కలర్’ లాంటి సెట్టింగు విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు. మధ్యలో స్పీకర్లు తగిలించే ఏవీ రిసీవర్ ఉంటే అది కూడా దానికి సరిపోవాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. చీకటి సన్నివేశాల్లో నలుపు బూడిద రంగులో కనిపించినా, నీడల్లో ఉన్నదంతా నల్లగా ముద్దకట్టినా, బ్లాక్ లెవెల్ సెట్టింగు చూడండి. వీడియోలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ డెస్క్‌టాప్‌లో 0 నుంచి 255. గ్రాఫిక్స్ కార్డు ఏ పద్ధతిలో పంపుతోందో టీవీ కూడా అదే పద్ధతిలో చదవాలి. ‘లిమిటెడ్’ (16 నుంచి 235) అయినా ‘ఫుల్’ (0 నుంచి 255) అయినా సరే, రెండు చోట్లా ఒకటే పెట్టండి.

కేబుల్ నిజంగా అడ్డొచ్చింది నాకు ఒక్కసారే. గోడలోంచి వేసిన 10 మీటర్ల కేబుల్ 1080 రిజల్యూషన్‌లో బాగానే పనిచేసింది, 4కే 60 హెర్ట్జ్‌కి మారగానే తెర మాటిమాటికీ నల్లబడేది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాక సర్దుకుంది. దానికి ఒక చివర కంప్యూటర్‌కి, రెండో చివర టీవీకి అని గుర్తులుంటాయి, తిరగేసి పెడితే పనిచేయదు. గోడలో దూర్చే ముందే చూసుకోండి.

ముందు బొమ్మ సైజు, ఆ తర్వాత రిఫ్రెష్ రేటు మార్చి చూడండి. అయినా తేడా రాకపోతే సినిమా నడుస్తుండగా రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కండి. చాలా టీవీలు తమకి అందుతున్న రిజల్యూషన్, హెర్ట్జ్ చూపిస్తాయి. ఆ రెండు అంకెలతో పాటు కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టారా, మదర్‌బోర్డు పోర్టులో పెట్టారా అన్నది కూడా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.