మనసు బాగోలేనప్పుడు దిగులు సినిమాలే ఎందుకు చూడాలనిపిస్తుంది? మీకు ఇష్టమైనవేవి?

కామెడీ సినిమా మనల్ని నవ్వమని బలవంతం చేస్తుంది. దిగులు సినిమా ఏమీ అడగదు. పైగా మన ఏడుపు హీరో ఖాతాలో పోతుంది, ఇంట్లో ఎవరూ 'ఏమైంది' అని ఆరా తీయరు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. కాబట్టి నా ఓటు ముందు 'కేరాఫ్ కంచరపాలెం' (2018)కి. 49 ఏళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజు, ఒడిశా నుంచి బదిలీపై వచ్చిన ఆఫీసరు రాధ. నటించినవాళ్లలో చాలామంది విశాఖలోని ఆ కంచరపాలెం పేటవాళ్లే. వాళ్ల మాట మా వీధి అరుగు మీద విన్నట్టే ఉంటుంది.

'సాగర సంగమం' (1983) మాత్రం ఒంటరిగా చూడాలి. నాట్యోత్సవం ఆహ్వాన పత్రికలో మహామహుల ఫొటోలు తిరగేస్తూ నాట్యకళాకారుడు బాలు (కమల్ హాసన్) తన ఫొటో దగ్గర ఆగిపోతాడు. నిజానికి అది సంతోషించాల్సిన చోటు. కానీ ఆ వేదిక ఎక్కకముందే తల్లి పోతుందని రెండోసారి చూసేవాళ్లకు తెలుసు కదా, కమల్ హాసన్ ముఖం వెలిగేకొద్దీ మన గొంతు పట్టేస్తుంది.

'దేవదాసు' (1953) గొప్పదే, అయినా బాగా కుంగిపోయి ఉన్నప్పుడు వద్దంటాను. తాగుడు, పంతం, చావు. ఊరటకి చోటే లేదు.

వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే అది సినిమాతో తీరే దిగులు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.