తాళం కొనే ముందు ద్వారబంధం చూడమ్మా

రాజమహేంద్రవరం

చి. సౌ. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వీధి తలుపు ఫొటోలు ఫోనులో పెద్దవి చేసుకుని మూడుసార్లు చూశాను. మీ వీధి చివరి ఇంట్లో దొంగలు పడ్డారనీ, ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదనీ, 18 వేలు పెట్టి వేలిముద్ర తాళం కొందామనుకుంటున్నామనీ రాశావు. ఒక్క వారం ఆగండి. కొనవద్దని కాదు. ఆ తాళాన్ని మోయవలసిన చెక్క సంగతి ముందు చూద్దాం.

నలభై ఏళ్ళు వడ్రంగం చేశాను. దొంగలు పడిన ఇంటికి మొదటి రోజు పోలీసులు వస్తారు, రెండో రోజు చుట్టాలు వస్తారు, మూడో రోజు వడ్రంగి వస్తాడు. ఆ మూడో రోజు పనులు ఎన్ని చేశానో లెక్క లేదు. చాలా ఇళ్ళలో తాళం నిక్షేపంలా ఉండేది. నాలుక చాచుకుని, వేసింది వేసినట్టే ఉండేది. దాని నాలుక దూరే చోట ద్వారబంధం మాత్రం లోపలివైపు పెళ్ళలుగా ఊడిపోయి ఉండేది. దొంగ తాళంచెవుల గుత్తితో కూర్చుని తంటాలు పడడు. సందులో ఇనుప కడ్డీ దూర్చి ఒరుగుతాడు, లేదంటే భుజంతో మోదుతాడు. ఆ బలమంతా ద్వారబంధంలో నాలుక దూరే చిన్న ఇనుప పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీని పట్టుకుని ఉండేవి ముప్పావు అంగుళం స్క్రూలు రెండు. తాళం డబ్బాలో వచ్చిన స్క్రూలే వాడి నేను కూడా ఎన్నో తలుపులు బిగించాను. అప్పుడు తెలియక కాదు, సాయంత్రానికి పని ముగించి కూలి పుచ్చుకోవాలన్న తొందర.

కాబట్టి మొదటి పని ఆ పట్టీది. దాన్ని విప్పించి, జానెడు పొడవున్న మందపాటి పట్టీ వేయించు. ద్వారబంధం మందం కొలిచి, చెక్కలోకి రెండంగుళాలైనా దిగే స్క్రూలు వాడాలి. ముందు సన్నటి బెజ్జం వేసి తరువాత బిగించాలి, లేకపోతే పాత టేకు పగులుతుంది. మీ కాకినాడలో సముద్రపు గాలికి మామూలు ఇనుప స్క్రూలు రెండు మూడేళ్ళలో తుప్పు తింటాయి. తల చూస్తే బాగానే ఉంటుంది, లోపల ఒళ్ళు ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలువే వేయాలి. బందులకు, లోపలి గడియలకు కూడా అవే.

తరువాత తలుపు మూసి గడియ వేసి, అల్లుడిగారిని బయటి నుంచి భుజంతో గట్టిగా నెట్టమను. నువ్వు లోపల నిలబడి ద్వారబంధానికీ గోడకూ మధ్య సిమెంటు గీతను చూడు. అది నెరియ విచ్చి మూసుకుంటూ ఉంటే, ద్వారబంధాన్ని పట్టి ఉంచడానికి గోడలోకి దించిన ఇనుప పట్టీలు, అంటే హోల్డ్‌ఫాస్టులు వదులయ్యాయన్నమాట. పక్కకు మూడు చొప్పున ఆరు ఉండాలి. అది తాపీమేస్త్రీ పని, వడ్రంగితో అయ్యేది కాదు.

ఇక గడప. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాస్తావు, రాయాలి కూడా. కానీ ఆ నీళ్ళు ద్వారబంధం కాళ్ళ దగ్గర నిలుస్తాయి. పదిహేనేళ్ళ ఇల్లు కదా, స్క్రూడ్రైవరుతో అక్కడ పొడిచి చూడు. బెల్లం ముద్దలో దిగినట్టు దిగితే ఆ మేరకు కోసి కొత్త టేకు ముక్క అతికించాలి. తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే చెద పట్టిందేమో చూపించుకో.

ఫొటోలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది తలుపు కాదమ్మా, దాని పక్కనున్న హాలు కిటికీ. తలుపుకు మూరెడు దూరంలో కూడా లేదు. ఊచల మధ్య నుంచి సన్నటి చెయ్యి దూరుతుంది. మీ లోపలి గడియ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. కిటికీ తెరిచి పడుకున్న వేసవి రాత్రి ఎవరైనా ఒక వంకర కడ్డీతో దాన్ని లాగెయ్యగలరు. ఇలా తలుపు మీద గీత కూడా పడకుండా దొంగతనం జరిగిన ఇళ్ళు నేను రెండు చూశాను. ఒక ఇంట్లో పాపం పనిమనిషిని అనుమానించారు. గడియను తలుపు పైకొసకు మార్పించు, కిందికొసన ఇంకొకటి పెట్టించు. కిటికీకి గట్టి ఇనుప జాలీ వేయించు. దోమలకు కట్టే నైలాను వల పనికిరాదు.

తలుపు బయట అడ్డంగా జరిపే పెద్ద గడియ, అదే ఆల్‌డ్రాప్, దానికి వేలాడుతున్న తాళంకప్ప సంగతి కూడా చెప్పాలి. ఆ తాళంకప్ప మంచిదే, పాత ఆలీగఢ్ సరుకులా ఉంది. కానీ ఆల్‌డ్రాప్ స్క్రూల తలలు నాలుగూ బయటికే కనిపిస్తున్నాయి. తాళాన్ని ముట్టుకోకుండానే మొత్తం విప్పుకోవచ్చు. స్క్రూలు తీయించి, తలుపుకు అటూ ఇటూ దూసుకుపోయే బోల్టులు వేయించు. బయట గుండ్రటి నున్నటి తల, లోపల నట్టు ఉండాలి. అయినా సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ తాళంకప్ప వేయకండి. ఇంట్లో ఎవరూ లేరని వీధికి బోర్డు పెట్టినట్టు ఉంటుంది. తలుపు చెక్కలో కూర్చునే తాళమే వేసుకోండి. ఊరు వెళుతున్నట్టు ముందే చెబితే ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్ఎంఎస్ అనే పద్ధతి ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. మీ స్టేషనులో అడిగి రమ్మను.

తాళంచెవి పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో, కరెంటు మీటరు పెట్టె మీద పెట్టకు. మీ పెద్దమ్మ మా చెవిని ముప్పై ఏళ్ళు తులసికోట గూట్లోనే దాచింది. ఒకనాడు నేను కంగారుగా జేబులు వెతుక్కుంటూ ఉంటే పాలవాడు వచ్చి, ‘అక్కడ ఉంటుంది కదండీ’ అని చూపించాడు. మరునాటి నుంచి అది పక్కింటి మాస్టారి దగ్గర ఉంటోంది.

రాత్రి భయంతో లోపలి నుంచి తాళం వేసి చెవి ఎక్కడో దాచకు. ఇంట్లో మీ అత్తగారు ఉన్నారు, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. గ్యాసు మంట లేస్తే చీకట్లో చెవి వెతుక్కునే వ్యవధి ఉండదు. చెయ్యి వేయగానే తీయగలిగే గడియలే ఉంచు.

ఇవన్నీ అయ్యాక వేలిముద్ర తాళం కావాలంటే కొనుక్కోండి. మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునేదే చూడండి, బ్యాటరీ అయిపోయిన రాత్రి గుమ్మంలో నిలబడకుండా. ఆ చెవి ఇంట్లో కాకుండా మీ చెల్లెలి దగ్గర ఉంచు.

వచ్చే ఆదివారం ఉదయం బస్సుకు నేనే వస్తున్నాను. ఉలులు, చిత్రిక నా సంచిలో ఉంటాయి. డ్రిల్లు మిషను మాత్రం పక్కవాళ్ళను అడిగి తెచ్చి ఉంచమను. ద్వారబంధం మందం కొలిచి శనివారం లోపు ఫోను చెయ్యి, స్క్రూలు ఇక్కడే కొనుక్కుని వస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న